పురుగు పేగులో దొరికిన ఈస్టు కొత్త జాతేనా? తేల్చుకునే దారి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, ఇదే స్థితిలో ఉన్న మరొకరు చదివినా అర్థం కావాలి కదా. కుళ్ళిన దుంగలో గుంపుగా ఉన్న నల్లటి, మెరిసే పెంకు పురుగుల్లో ఒకదాన్ని పట్టి, దాని పేగు నుంచి ఒక ఈస్టును వేరు చేశారు. పురుగు పాసలిడ్ కుటుంబానికి చెందినదని గుర్తించారు. ఈస్టు రైబోసోమల్ డీఎన్‌ఏలో జాతులను పోల్చడానికి వాడే డీ1/డీ2 అనే భాగాన్ని చదివిస్తే, సీక్వెన్సులను, అంటే డీఎన్‌ఏ అక్షరాల వరుసలను, భద్రపరిచే జీన్‌బ్యాంకులో అన్నిటికంటే దగ్గరగా వచ్చినది స్పథాస్పోరా ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) చెందిన ఒక జాతి. 560 బేసుల్లో, అంటే డీఎన్‌ఏ అక్షరాల్లో, 14 చోట్ల తేడా ఉంది. ఇది కొత్త జాతేనా, పేరు పెట్టి ప్రచురించవచ్చా, ఇంకా ఏం చేయాలి అని అడిగారు.

కొత్త జాతి అయ్యే అవకాశం బలంగా ఉంది. అయినా ఇప్పుడే పేరు పెట్టకండి. మీ దగ్గర ఉన్నది ఒక్క పురుగు నుంచి వచ్చిన ఒక్క స్ట్రెయిన్, అంటే ఒకే కాలనీ నుంచి పెంచిన ఒక్క వంశం. జాతి లోపల ఏది మారుతుందో, ఏది మారకుండా నిలుస్తుందో ఒక్క స్ట్రెయిన్‌ను ఎంత పరీక్షించినా తెలియదు. మీరు చేయాల్సిన అతి ముఖ్యమైన పని ప్రయోగశాలలో లేదు. ఆ దుంగ దగ్గరకు మళ్ళీ వెళ్ళి, అదే ఈస్టును ఇంకొన్ని పురుగుల్లోంచి పట్టుకురావాలి. ఎందుకో వివరంగా చెబుతాను.

అంతకంటే ముందు, మీకు ఎదురైనది అరుదైన అదృష్టమేమీ కాదని తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే తొందర అక్కడి నుంచే పుడుతుంది. 2005లో అమెరికాకు చెందిన సుహ్, బ్లాక్‌వెల్, వారి సహచరులు మూడేళ్ళ పాటు పెంకు పురుగుల పేగులను వెతికి 650కి పైగా ఈస్టులను వేరు చేశారు. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలోనూ పనామాలోనూ పట్టిన పురుగులవి. ఎక్కువ భాగం పుట్టగొడుగులను తినేవి. వాటిలో దాదాపు 200 ఈస్టులు అప్పటికి ఎవరూ వర్ణించని జాతులు. ఆనాటికి తెలిసిన ఈస్టు జాతుల మొత్తంలో ఇది సుమారు 30 శాతానికి సమానం. కొన్ని కుటుంబాల పురుగులను చూస్తేనే ఇంత దొరికింది. పెంకు పురుగుల్లో పేరున్న జాతులే మూడున్నర లక్షలకు పైగా ఉన్నాయి. కాబట్టి కొత్తది దొరకడం కష్టం కాదు. దొరికినదాన్ని, తరువాత వచ్చేవారు నమ్మి వాడుకునేలా నిలబెట్టడమే కష్టం.

సీక్వెన్స్ మీదకు వెళ్ళే ముందు ఆ ఈస్టు నిజంగా పేగులోదేనా అన్నది చూడాలి. మీరు ఈ వివరం రాయలేదు. పురుగును పట్టిన తరువాత మేత లేకుండా ఒకటి నుంచి మూడు రోజులు శుభ్రమైన పెట్రీ పళ్ళెంలో ఉంచారా? అలా ఉంచితే, తిండితో పాటు లోపలికి వెళ్ళి దారినపోయే ఈస్టులు చాలావరకు బయటకు పోతాయి. మిగిలినవి అక్కడే ఉండేవి అయ్యే అవకాశం పెరుగుతుంది. తరువాత పురుగును 95 శాతం ఇథనాల్‌లో ఒకటి రెండు నిమిషాలు ముంచి, 0.7 శాతం లవణ ద్రావణంలో కడగాలి. ఆ కడిగిన నీటిని పారబోయకుండా దాన్నీ ఒక ప్లేటు మీద పరచాలి. ఈ ప్లేటులో ఏమీ మొలవకపోతేనే, పేగు ప్లేటులో మొలిచినది పేగులోదని చెప్పే హక్కు మనకు వస్తుంది.

ఈ చివరి ప్లేటు విలువ నాకు నష్టంతోనే తెలిసింది. తొలి రోజుల్లో ఒక బెరడు పురుగు నుంచి చక్కటి తెల్లటి కాలనీలు వచ్చాయి. సీక్వెన్స్ దేనితోనూ కలవలేదు. ఐదు నెలలు దాని మీద పనిచేశాను. తరువాత అదే చెట్టు బెరడును గీకి ప్లేటు మీద వేస్తే, పురుగు తిరగని కొమ్మల నుంచి కూడా అదే ఈస్టు వచ్చింది. అది బెరడు మీద బతికే ఈస్టు. పురుగు కాళ్ళకు అంటుకుని నా బల్ల మీదకు వచ్చింది. జాతి కొత్తదే, కానీ దాని బతుకు గురించి నేను రాసుకున్నదంతా తప్పు. కడిగిన నీటిని మొదటి రోజే ఒక ప్లేటు మీద వేసి ఉంటే ఆ ఐదు నెలలు మిగిలేవి.

పేగును తీసే పని కూడా ఒకసారి చూద్దాం. ఇంత పెద్ద పురుగులో ఇది సులువు. పొట్ట చివరి ఖండాన్ని సన్నని ఫోర్సెప్స్‌తో పట్టుకుని నెమ్మదిగా లాగితే, గోధుమరంగు చెక్క పొట్టుతో నిండిన గొట్టం చుట్టలు విప్పుకుంటూ బయటకు వస్తుంది. చాలామంది ఆ మొత్తం గొట్టాన్ని ఒకేసారి నలిపి ప్లేటు మీద రాస్తారు. అలా చేయకండి. మధ్య పేగును, వెనుక పేగును వేరుగా కత్తిరించి వేర్వేరు ప్లేట్ల మీద వేయండి. పాసలిడ్ పురుగుల్లో జైలోజ్ అనే చక్కెరను పులియబెట్టే ఈస్టులు వెనుక పేగులో ఉంటాయని ఇదివరకే తెలుసు. మీ ఈస్టు ఏ భాగంలో ఎక్కువగా వస్తుందో నమోదు చేస్తే, తరువాత మీరు రాసే ప్రతి వాక్యానికీ అది బలం.

మాధ్యమంగా ఈస్టు సారం, మాల్టు సారం ఉన్న అగర్‌నే వాడండి. కానీ దాని పీహెచ్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 3.5 దగ్గరకు దించండి. బ్యాక్టీరియాలు చాలావరకు ఆగిపోతాయి, ఈస్టులకు ఇబ్బంది ఉండదు. ఆమ్లాన్ని మాత్రం ఆటోక్లేవ్ చేసిన (ఒత్తిడి ఆవిరితో శుద్ధి చేసిన) తరువాతే కలపాలి. ముందే కలిపి వేడిచేస్తే అగర్ విడిపోయి గడ్డకట్టదు. మొలిచిన కాలనీని కనీసం రెండుసార్లు విడికాలనీలుగా గీసి శుద్ధి చేయండి. పేగు ఈస్టుల్లో రెండు జాతులు ఒకే కాలనీలా కలిసి పెరగడం నేను ఎన్నోసార్లు చూశాను. పైకి ఒకే తెలుపు, ఒకే నునుపు. మూడో రోజు దాకా తేడా కనిపించదు. వారం దాటాక అంచులో ఒకటి మడతలు పడుతుంది, రెండోది నునుపుగానే ఉంటుంది. శుద్ధి చేసిన ప్లేట్లను వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయకుండా పది రోజులు బయట ఉంచి చూడండి.

ఇప్పుడు మీ 14 తేడాల సంగతి. 1998లో కర్ట్‌జ్‌మన్, రాబ్నెట్ సుమారు 500 ఆస్కోమైసీట్ (సంచిలో సిద్ధబీజాలనిచ్చే) ఈస్టు జాతుల డీ1/డీ2 సీక్వెన్సులను పోల్చి ఒక కొలమానం ఇచ్చారు. ఒకే జాతిలోని స్ట్రెయిన్ల మధ్య సాధారణంగా మూడు తేడాలకు మించవు, ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, అంటే ఒక శాతం దాటితే, వేరు జాతులయ్యే అవకాశం ఎక్కువ. మన రంగంలో ఇంతగా వాడుకలోకి వచ్చిన సంఖ్య మరొకటి లేదు. 2016లో నెదర్లాండ్స్‌లోని సీబీఎస్ సేకరణ నుంచి 9000కు పైగా స్ట్రెయిన్లను విశ్లేషించినప్పుడు జాతుల మధ్య గీత డీ1/డీ2కు 99.5 శాతం సారూప్యం దగ్గర, రైబోసోమల్ డీఎన్‌ఏలోనే ఉన్న ఐటీఎస్ అనే మరో భాగానికి 98.4 శాతం దగ్గర పడింది. మీది 97.5 శాతం. ఏ లెక్కన చూసినా గీతకు బాగా అవతల ఉంది.

అయితే ఈ సంఖ్యలు ఒక అలవాటును చెబుతాయి, చట్టాన్ని కాదు. రెండు వైపులా మినహాయింపులున్నాయి. శాకరోమైసెస్ సెరివిసియే, శాకరోమైసెస్ పారడాక్సస్ డీ1/డీ2 భాగంలో ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కానీ వాటి సంకరం నుంచి పుట్టిన సిద్ధబీజాల్లో నూటికి ఒకటి బతకడమే గగనం. నిస్సందేహంగా అవి రెండు జాతులు. దీనికి పూర్తి విరుద్ధంగా క్లావిస్పోరా లుసిటానియే అనే ఈస్టులో, ఒకదానితో ఒకటి కలిసి సిద్ధబీజాలనిచ్చే స్ట్రెయిన్ల మధ్యే ఆరు అనే గీతను బాగా దాటిన తేడాలున్నాయి. మెట్ష్నికోవియా పల్చెరిమా బంధువుల్లో మరో చిక్కు ఉంది. ఒకే కణంలోని రైబోసోమల్ డీఎన్‌ఏ ప్రతుల మధ్యే తేడాలుంటాయి. నేరుగా చదివిస్తే, ఒక్కో అక్షరానికి యంత్రం గీసే శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. యంత్రం అందులో ఏదో ఒక అక్షరాన్ని ఎంచుకుని మీకు ఇచ్చేస్తుంది. ఆ అక్షరాన్ని నమ్మి తేడాలు లెక్కపెట్టినవారు లేని జాతులను సృష్టించగలరు.

అందుకే ఆ శిఖరాల చిత్రాన్ని, అంటే క్రోమాటోగ్రామ్‌ను మీ కళ్ళతో చూడండి. ముందు వైపు నుంచీ వెనుక వైపు నుంచీ చదివించి రెండూ కలపండి. మొదటి ముప్పై నలభై బేసులు సాధారణంగా గజిబిజిగా ఉంటాయి, వాటిని కత్తిరించండి. ఒకే అక్షరం వరుసగా ఆరేడుసార్లు వచ్చే చోట యంత్రం ఒకటి ఎక్కువో తక్కువో చదువుతుంది. మీ 14లో అలాంటివి ఎన్ని? అక్షరం మారిన చోట్లు (ప్రత్యామ్నాయాలు) ఎన్ని, అక్షరం లేకపోయిన చోట్లు (ఖాళీలు) ఎన్ని? ఈ రెండింటినీ వేర్వేరుగా రాయడం పద్ధతి. కలిపి రాస్తే చదివేవారికి మీ సంఖ్యతో ఏం చేయాలో తెలియదు.

జీన్‌బ్యాంకు ఫలితాన్ని చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త. అక్కడ పైన కనిపించే పేరు సరైనదే అన్న హామీ లేదు. తప్పు పేరుతో పెట్టిన సీక్వెన్సులు చాలా ఉన్నాయి. మీరు పోల్చాల్సింది టైప్ స్ట్రెయిన్ సీక్వెన్సుతో మాత్రమే, అంటే ఆ జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా నిలిపిన స్ట్రెయిన్‌తో. టైప్ స్ట్రెయిన్ల సీక్వెన్సులనే ఎంచుకుని వెతికే సదుపాయం ఉంది, వాడండి. ఆ తరువాత, దీనికి సరిగ్గా ఎదురు దారిలో మరోసారి వెతకండి. పేరు లేని, ప్రజాతి పేరు పక్కన ఒక సంకేతం మాత్రమే ఉన్న సీక్వెన్సుల్లో మీ దానితో 99 శాతానికి పైగా కలిసేది ఏదైనా ఉందా? నేను చూసిన కొత్త జాతుల్లో చాలావాటికి ఇలాంటి జంట ఎక్కడో ఒకచోట ఉంది. వేరే ఖండంలో ఎవరో ఎప్పుడో వేరు చేసి, పేరు పెట్టడానికి ఒక్క స్ట్రెయినే ఉందని ఆగిపోయి ఉంటారు. వారికి ఒక ఉత్తరం రాయండి. ఒక స్ట్రెయిన్ మీది, ఒకటి వారిది, కలిస్తే జాతి వర్ణన ఒక్కసారిగా బలపడుతుంది. ఈ రంగంలోని వారు స్ట్రెయిన్లు పంచుకోవడంలో ఉదారంగా ఉంటారని అనుభవంతో చెబుతున్నాను.

డీ1/డీ2తో పాటు ఐటీఎస్ భాగాన్ని తప్పకుండా చదివించండి. 2012 నుంచి శిలీంధ్రాలన్నిటికీ అధికారిక బార్‌కోడ్‌గా అంగీకరించినది అదే. స్పథాస్పోరా వంటి సమూహంలో వంశవృక్షంలో స్థానం తేలాలంటే ఒకటి రెండు ప్రోటీన్ జన్యువులు కూడా కావాలి. ఇక అవకాశం ఉంటే పూర్తి జీనోమ్‌నే చదివించమంటాను. ఈస్టు జీనోమ్ చిన్నది, సాధారణంగా ఒకటి ఒకటిన్నర కోట్ల బేసులు. 2024లో ప్రచురితమైన ఒక్క అధ్యయనంలోనే మీ ఈస్టు ఉండే శాకరోమైకోటినా అనే ఉపవిభాగానికి చెందిన 1154 స్ట్రెయిన్ల జీనోమ్‌లు ఉన్నాయి, పోల్చుకోవడానికి సామగ్రికి కొదవ లేదు. రెండు జీనోమ్‌ల సగటు సారూప్యం 95 శాతం కంటే తక్కువైతే వేరు జాతులుగా చూడడం ఇప్పుడు అలవాటవుతోంది. అయినా జీనోమ్ ఉన్నంత మాత్రాన రెండో స్ట్రెయిన్ అవసరం తీరిపోదు. ఒక్కరి ముఖాన్ని ఎంత దగ్గరగా ఫొటో తీసినా కుటుంబమంతా ఎలా ఉంటుందో తెలియదు కదా.

ప్రోటీన్ల బరువుల నమూనాను బట్టి సూక్ష్మజీవులను గుర్తించే మాల్డీ-టాఫ్ యంత్రంతో తేల్చవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. దాని గ్రంథాలయంలో ఉన్న జాతిని అది నిమిషాల్లో చెబుతుంది, లేనిదాన్ని చెప్పలేదు. వంద కాలనీల్లో ఒకేలా ఉన్నవాటిని కట్టగట్టడానికి మాత్రం చాలా పనికొస్తుంది.

ఇక దుంగ దగ్గరకు వెళ్దాం. ఈ పురుగుల జీవితం తెలిస్తే నమూనాలు ఎక్కడెక్కడ తీయాలో దానంతట అదే తెలుస్తుంది. పాసలిడ్‌లు కుటుంబంగా బతుకుతాయి. పెద్దవి కలపను నమిలి సొరంగాలు చేస్తాయి. వాటి విసర్జన, నమిలిన పొట్టు కలిసిన ముద్దను డింభకాలు తింటాయి. ఆ ముద్దలో సూక్ష్మజీవులు ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. పెద్దవీ దాన్ని మళ్ళీ తింటాయి. అంటే పేగు నుంచి పేగుకు ఈస్టు వెళ్ళే దారి మీ కళ్ళ ముందే ఉంది. కాబట్టి పెద్ద పురుగులు, డింభకాలు, సొరంగంలోని ముద్ద, సొరంగం గోడ, సొరంగానికి దూరంగా అదే దుంగలోని కలప, పురుగులు లేని పక్క దుంగలోని కలప, ఈ ఆరింటి నుంచీ నమూనాలు తీయండి. కనీసం రెండు మూడు వేర్వేరు చోట్ల, వీలైతే రెండు రుతువుల్లో. ఒకే దుంగలో పది పురుగులు పడితే పది స్ట్రెయిన్లు వచ్చినట్టు కాదు. ఒకే క్లోన్ పది పేగుల్లో ఉండవచ్చు. మైక్రోశాటిలైట్ ప్రైమర్లతో (డీఎన్‌ఏలో పదేపదే వచ్చే చిన్న ముక్కలను పట్టేవాటితో) డీఎన్‌ఏ వేలిముద్ర తీయించి, నిజంగా వేర్వేరు స్ట్రెయిన్లేనా అన్నది చూసుకోండి.

పక్క దుంగ గురించి నొక్కి చెప్పడానికి కారణం ఉంది. స్పథాస్పోరా పాసలిడారం అనే తొలి జాతిని 2006లో లూసియానాలో దొరికిన పాసలిడ్ పురుగు పేగు నుంచే వర్ణించారు. ఆ తరువాతి ఏళ్ళలో అదే ప్రజాతికి చెందిన అనేక జాతులు బ్రెజిల్‌లో కుళ్ళిన కలప నుంచి నేరుగా వచ్చాయి. కాబట్టి మీ ఈస్టు పురుగులో కాపురం ఉంటోందా, లేక కలపలో బతుకుతూ పురుగు తిన్నప్పుడల్లా లోపలికి వెళ్ళి వస్తోందా అన్నది మీ ప్రజాతి విషయంలో తెరిచి ఉన్న ప్రశ్నే. పురుగుల్లో ప్రతిసారీ వచ్చి, పక్క దుంగ కలపలో ఒక్కసారీ రాకపోతే అది గట్టి సాక్ష్యం. రెండు చోట్లా వస్తే అదీ విలువైన ఫలితమే, ఉన్నది ఉన్నట్టు రాయండి.

అనుబంధం అనే మాట కింద ఎన్ని రకాల బతుకులున్నాయో గమనించండి. పండు ఈగలకు హాన్సెనియాస్పోరా వంటి ఈస్టులు ఆహారం. ఈగలు వాటిని మోసుకెళ్ళి మరో పండు మీద దించుతాయి. కందిరీగల పేగుల్లో శాకరోమైసెస్ సెరివిసియే చలికాలాన్ని దాటి, వసంతంలో పిల్లలకు అందుతుందని 2012లో ఇటలీ పరిశోధకులు చూపారు. సిగరెట్ పురుగుగా పిలిచే చిన్న పెంకు పురుగు తన శిలీంధ్రాన్ని పేగు పక్కన ప్రత్యేకమైన కణాల్లో దాచుకుంటుంది. వరిని పీల్చే సుడిదోమ శరీరంలో మొగ్గలు తొడుగుతూ ఉండేవి చూడడానికి అచ్చం ఈస్టులే. అవి దోమ విసర్జించాల్సిన యూరిక్ ఆమ్లాన్ని మళ్ళీ పోషకంగా మారుస్తాయి. కానీ వంశవృక్షంలో అవి కీటకాలను చంపే కార్డిసెప్స్ వంటి తంతు శిలీంధ్రాల బంధువులు, అసలు ఈస్టుల వంశంలోవి కావు. సూక్ష్మదర్శినిలో ఒకేలా కనిపించే కణం వెనుక ఇన్ని చరిత్రలున్నాయి. అందుకే మీ వ్యాసంలో ‘సహజీవి’ అనే మాటను, దానికి సాక్ష్యం ఉంటే తప్ప వాడవద్దని కోరుతున్నాను. ‘పేగు నుంచి వేరు చేయబడింది’ అన్నది మీకు ఇప్పుడు తెలిసిన నిజం.

ఎక్కువ స్ట్రెయిన్లు కావాలనడానికి ఇంకో పెద్ద కారణం సిద్ధబీజాలు. చాలా ఈస్టుల్లో ఒక్క స్ట్రెయిన్ తనంతట తాను సిద్ధబీజాలనివ్వదు. దానికి ఎదురు లింగపు స్ట్రెయిన్ కావాలి. పూల మీద తిరిగే పెంకు పురుగుల్లో ఉండే మెట్ష్నికోవియాలు ఇందుకు మంచి ఉదాహరణ. ఒక్కొక్కటిగా పెంచితే ఏళ్ళు గడిచినా ఏమీ కనబడదు. సరైన జతను కలిపితే కొద్ది రోజుల్లో సూదుల్లాంటి పొడవాటి సిద్ధబీజాలు వస్తాయి. ఈ ప్రజాతికి ఎవరి పేరు పెట్టారో ఆ మెచ్నికోవ్ 1884లో నీటి ఈగ అనే చిన్న జలచరంలో, ఆ సూదులను దాని రక్తకణాలు చుట్టుముట్టి మింగడం చూశాడు. రోగనిరోధక శాస్త్రానికి పునాది వేసిన పరిశీలనల్లో అదొకటి. ఒక ఈస్టు సిద్ధబీజం ఆకారం మీద శ్రద్ధ పెట్టినందుకు ఎంత దూరం వెళ్ళగలిగాడో చూడండి.

మీ ఈస్టు స్పథాస్పోరాకు దగ్గర కాబట్టి మీరు వెతకాల్సింది ఒక ఆస్కస్‌లో (సిద్ధబీజాలుండే సంచిలో) ఒకే ఒక్క సిద్ధబీజాన్ని, పొడవుగా, చివరలు వంగి ఉండేదాన్ని. పలుచన చేసిన వీ8 (కూరగాయల రసం) అగర్, మొక్కజొన్న పిండి అగర్, ఎసిటేట్ అగర్, ఈ మూడింటి మీదా గీయండి. ఒక సెట్టును 25 డిగ్రీల వద్ద, ఒకదాన్ని 15 డిగ్రీల వద్ద ఉంచండి. ముందు ప్రతి స్ట్రెయిన్‌ను విడిగా, తరువాత రెండేసి చొప్పున అన్ని జతలుగా కలిపి చూడండి. మూడో రోజు నుంచి వారానికి రెండుసార్లు, రెండు నెలల వరకు ఓపికగా చూడాలి. కణాలను నీటి చుక్కలో వేసి, ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శినిలో, నూనె కటకం కింద చూడండి. మామూలు కణం లోపల బూడిదరంగులో మసకగా ఉంటుంది. సిద్ధబీజం ఉన్న ఆస్కస్ లోపల గట్టి అంచుతో ఒక మెరుపు కనిపిస్తుంది. కొవ్వు బిందువులు కూడా మెరుస్తాయి, అక్కడే కొత్తవారు పొరబడతారు. కొవ్వు బిందువు ఎటు తిప్పినా గుండ్రంగానే ఉంటుంది. స్లైడ్ మీద గాజుపొరను సూదితో మెల్లగా తాకి కణాన్ని దొర్లించండి. దొర్లినప్పుడు మెరుపు సన్నబడి, వంగిన గీతలా కనిపించిందంటే మీరు చూస్తున్నది సిద్ధబీజం. నేను మొదటిసారి అలాంటిది చూసినది నలభై ఒకటో రోజున, పారేయడానికి పక్కన పెట్టిన 15 డిగ్రీల ప్లేటులో. ఆ ప్లేటు మీద రాసిన తేదీ ఈనాటికీ గుర్తుంది. అందుకే రెండు నెలలు అంటున్నాను.

సిద్ధబీజాలు రాకపోయినా నష్టం లేదు. ఒకప్పుడు అలాంటివాటినన్నిటినీ కాండిడా అనే పేరు కిందకు తోసేసేవారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని వందలాది ఈస్టులు అందులో చేరాయి. 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన వృక్షశాస్త్ర మహాసభలో ఒక శిలీంధ్రానికి ఒకే పేరు అన్న నిర్ణయం వచ్చాక ఆ అవసరం పోయింది. వంశవృక్షం మీ ఈస్టును స్పథాస్పోరాలో గట్టిగా నిలబెడితే, సిద్ధబీజాలు కనిపించకపోయినా ఆ ప్రజాతిలోనే పేరు పెట్టండి. నిలబెట్టకపోతే మరిన్ని జన్యువులు చేర్చి చూడండి. ఒక్క డీ1/డీ2 వృక్షంలో బలహీనమైన కొమ్మ ఆధారంగా ప్రజాతిని నిర్ణయించవద్దు.

పోషక పరీక్షలు తప్పవు కానీ వాటి మీద ఎక్కువ చెప్పను. ఏ చక్కెరలను పులియబెడుతుంది, ఏ కార్బన్, నత్రజని పదార్థాల మీద పెరుగుతుంది, 37 డిగ్రీల వద్ద పెరుగుతుందా, ఇవన్నీ అన్ని స్ట్రెయిన్లతో, దగ్గరి జాతి టైప్ స్ట్రెయిన్‌ను పక్కన పెట్టుకుని, ఒకే రోజు చేయండి. పాత పుస్తకాల్లోని ఫలితాలతో మీ ఫలితాలను పోల్చడం కంటే ఇది ఎంతో నమ్మకమైనది. ఒక్క పరీక్ష మాత్రం శ్రద్ధగా చేయండి, జైలోజ్‌ను పులియబెట్టడం. ఆకురాల్చే చెట్ల కలపలోని హెమిసెల్యులోజ్‌లో ప్రధాన చక్కెర అదే. రొట్టెల ఈస్టు దాన్ని సహజంగా పులియబెట్టలేదు. పాసలిడారం బాగా చేయగలదు, కలప నుంచి ఇథనాల్ తీయాలనుకునేవారు దాని వెంట పడింది అందుకే. ద్రవంలో తలకిందులుగా ఉంచే చిన్న డర్హామ్ గొట్టంలో వాయువు రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. వారానికే లేదని రాసేయకండి.

పేరు పెట్టే రోజు వచ్చినప్పుడు కొన్ని నియమాలు గుర్తుంచుకోండి. లాటిన్ వర్ణన 2012 నుంచి తప్పనిసరి కాదు, ఇంగ్లీషులో రాయవచ్చు. 2013 నుంచి మైకోబ్యాంక్ వంటి నమోదు కేంద్రం ఇచ్చే సంఖ్య లేకపోతే పేరు చెల్లదు. టైప్‌గా బతికి పెరుగుతున్న వర్ధనాన్ని పెట్టకూడదు. చలికి గడ్డకట్టించి ఎండబెట్టో, ద్రవ నత్రజనిలో ఉంచో, జీవక్రియ ఆగిన స్థితిలో భద్రపరచాలి, ఆ మాటను వ్యాసంలో రాయాలి. దాని నుంచి తీసిన సజీవ వర్ధనాలను వేర్వేరు దేశాల్లోని కనీసం రెండు సేకరణ కేంద్రాలకు పంపండి. పురుగును సేకరించిన చోటి అనుమతి పత్రాలు లేకపోతే ఆ కేంద్రాలు తీసుకోవు, పత్రికలు కూడా ఇప్పుడు అడుగుతున్నాయి. రెండోసారి దుంగ దగ్గరకు వెళ్ళే ముందే ఆ కాగితాలు పూర్తి చేసుకోండి. పురుగునూ పారేయకండి. పేగు తీసిన తరువాత మిగిలిన శరీరాన్ని ఇథనాల్‌లో భద్రపరిచి, ఈస్టు సంఖ్యనే దానికీ వేసి, కీటక శాస్త్రజ్ఞుడి చేత జాతి వరకు గుర్తింపు చేయించండి. ‘పాసలిడ్ కుటుంబం’ అని మాత్రమే ఉన్న నమూనాలు ముప్పై ఏళ్ళ తరువాత ఎవరికీ పనికిరావు.

పేరులో పురుగును చేర్చాలని మీకు అనిపించవచ్చు. పాసలిడారం అంటే పాసలిడ్‌లది అని, బాంబికోలా అంటే బంబుల్ తేనెటీగల దగ్గర నివసించేది అని అర్థం. అందమైన పేర్లే. కానీ స్టార్మెరెల్లా బాంబికోలా తరువాత తేనెటీగలకు సంబంధం లేని చోట్ల కూడా దొరికింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. అనుబంధం తేలకముందు పెట్టే పేరు ఆకారాన్నో, దొరికిన నేలనో చెబితే మంచిదని నా అభిప్రాయం.

ఇవాళ చేయాల్సిన పని ఒకటుంది. మీ స్ట్రెయిన్‌ను ఇంకా అగర్ ప్లేటు మీదే ఉంచి ఉంటే, 20 శాతం గ్లిసరాల్‌లో కలిపి నాలుగు గొట్టాల్లో పోసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు, వేరే గదిలోని ఫ్రీజర్‌లో రెండు పెట్టండి. ఆ దుంగకు ఒక గుర్తు కట్టి, దాని స్థానాన్ని జీపీఎస్‌తో నమోదు చేయండి. అది కుళ్ళిన దుంగ, కుటుంబం వేరే చోటికి వెళ్ళేలోపు మీరు అక్కడ ఉండాలి. ఐటీఎస్ ఫలితం, రెండు వైపుల క్రోమాటోగ్రామ్‌లు చేతికి రాగానే ఇక్కడే పెట్టండి. ఆ 14 తేడాలను ఒక్కొక్కటిగా కలిసి చూద్దాం.